మనవడిని కర్నూలులో ఉంచుకుంటే కెనడా సొమ్ము ఆగిపోతుందా?

ప్రశ్న: నేను కర్నూలులో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైర్ అయ్యాను. మా అమ్మాయి, అల్లుడు కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో, బ్రాంప్టన్‌లో ఉంటారు. ఇద్దరికీ పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది. మూడేళ్ల మనవడు అక్కడే పుట్టాడు. అల్లుడికి ఏడాదికి 72 వేల డాలర్లు, కొద్ది గంటలు మాత్రమే పనిచేసే అమ్మాయికి 18 వేల డాలర్లు వస్తాయి. బాబును రెండేళ్లు మా దగ్గర వదిలితే 40 వేలు వచ్చే పూర్తి ఉద్యోగంలో చేరతానని అమ్మాయి అంటోంది. బాబు కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సొమ్ము, వాడు కెనడా పౌరుడు కాబట్టి ఎక్కడున్నా వస్తుందని అల్లుడి వాదన. ఇది నిజమేనా? తన సంపాదన తక్కువ గనుక ఆదాయపు పన్ను రిటర్న్ వేయనక్కరలేదని అమ్మాయి అంటోంది, అది సరైనదేనా? వెంకటరమణ కాలనీలో అమ్మాయి పేరున ఉన్న ఇంటికి నెలకు 12 వేల రూపాయల అద్దె వస్తుంది. దాన్ని అక్కడ చూపించాలా? ఆల్బర్టాకు మారితే పన్ను బాగా తగ్గుతుందని, మా ఇద్దరినీ ఆధారపడినవారిగా చూపితే మరికొంత మిగులుతుందని తెలిసినవారు చెబుతున్నారు. వివరించగలరు.

సమాధానం: మాస్టారూ, మీ అల్లుడి మాట సరికాదు. బాబు రెండేళ్లు మీ ఇంట్లో ఉంటే ఆ కాలానికి కెనడా చైల్డ్ బెనిఫిట్ అందదు. తెలియజేయకుండా తీసుకుంటే తరువాత తిరిగి కట్టవలసి వస్తుంది. ఆ సొమ్ము బిడ్డ పౌరసత్వానికి ఇచ్చేది కాదు. పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ, వాడి పోషణ, పెంపకం ప్రధానంగా చూసుకునే వ్యక్తికి ఇచ్చేది. తల్లిదండ్రులు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆ వ్యక్తి తల్లి అని కెనడా రెవెన్యూ ఏజెన్సీ భావిస్తుంది కాబట్టి సొమ్ము మీ అమ్మాయి ఖాతాలో పడుతోంది. హోదా విషయంలో కూడా చూసేది తల్లిదండ్రులనే: ఇద్దరిలో ఒకరైనా పౌరులో, పీఆర్ ఉన్నవారో, లేదా వరుసగా 18 నెలలు అక్కడ నివసించి పంతొమ్మిదో నెలలో చెల్లుబాటయ్యే పర్మిట్ ఉన్నవారో అయి ఉండాలి. మీవారికి పీఆర్ ఉంది గనుక అటువైపు చిక్కు లేదు. చిక్కంతా ‘బిడ్డతో కలిసి ఉండటం’ అన్న షరతు దగ్గరే వస్తుంది.

వేసవి సెలవులకో, ఇంట్లో పెళ్లికో బాబు కొన్ని వారాలు కర్నూలు వచ్చి వెళితే అది తాత్కాలికంగా ఇల్లు విడిచి ఉండటమే అవుతుంది, దానికి సొమ్ము ఆగదు. తల్లి బ్రాంప్టన్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఉండగా బిడ్డ అవ్వాతాతల ఇంట్లో తిని, ఇక్కడి నర్సరీకి వెళుతూ, జ్వరం వస్తే ఇక్కడి డాక్టరు దగ్గరికే వెళుతూ ఉంటే మాత్రం, రోజువారీ పెంపకం మీ చేతుల్లోకి వచ్చినట్లే. మీరు కెనడా నివాసులు కారు కాబట్టి ఆ సొమ్ము మీకూ రాదు. రెవెన్యూ ఏజెన్సీ ఎప్పటికప్పుడు కొన్ని కుటుంబాలకు ప్రశ్నావళి పంపి, బిడ్డ ఆ చిరునామాలోనే ఉన్నట్లు డేకేర్ నుంచో, బడి నుంచో, డాక్టరు నుంచో లేఖ తెమ్మంటుంది. అది తేలేకపోతే పాత నెలలకు ఇచ్చినది కూడా బాకీగా రాసి, తరువాత రావలసిన బెనిఫిట్ల నుంచి, పన్ను రీఫండ్ల నుంచి కోసుకుంటుంది. అందువల్ల బాబును పంపాలనే నిర్ణయిస్తే వాడు బయలుదేరిన తేదీని అమ్మాయి తానే ఏజెన్సీకి తెలియజేయాలి. తిరిగి వెళ్లినప్పుడు మళ్లీ దరఖాస్తు చేసుకుంటే సరిపోతుంది. వాడిది కెనడా పాస్‌పోర్టు గనుక ఇక్కడ రెండేళ్లు ఉండాలంటే ఓసీఐ కార్డో (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) వీసాయో కావాలన్నది మరవవద్దు.

అసలు ఈ ఏర్పాటు వల్ల మిగిలేది ఎంత అన్నది లెక్క వేసి చూడండి. 2025 జూలై నుంచి 2026 జూన్ వరకు ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి గరిష్ఠంగా 7,997 డాలర్లు, ఆరు నుంచి పదిహేడేళ్ల బిడ్డకు 6,748 డాలర్లుగా నిర్ణయించారు. భార్యాభర్తల నికర ఆదాయం కలిపి 37,487 డాలర్లు దాటిన దగ్గర నుంచి ఇది తగ్గుతుంది: ఒక్క బిడ్డే ఉంటే 81,222 డాలర్ల వరకు అదనపు ఆదాయంలో 7 శాతం చొప్పున, ఆపైన 3.2 శాతం చొప్పున కోత పడుతుంది. ఇప్పుడు మీవారి ఉమ్మడి ఆదాయం 90 వేలు. మొదటి మెట్టులో 3,061 డాలర్లు, రెండో మెట్టులో సుమారు 280 డాలర్లు పోగా ఏడాదికి 4,650 డాలర్ల వరకు వస్తుంది. అమ్మాయి పూర్తి ఉద్యోగంలో చేరి ఉమ్మడి ఆదాయం 1,12,000 అయితే, ఇవే అంకెలతో అది 3,950 డాలర్ల దగ్గరికి దిగుతుంది. ఈ సొమ్ము మీద పన్ను లేదు.

బాబు అక్కడే ఉంటే డేకేర్ ఖర్చు వస్తుంది కదా అంటారు. ఒంటారియోలో కేంద్ర ప్రభుత్వ ఒప్పందంలో చేరిన లైసెన్సు డేకేర్లు ఆరేళ్లలోపు పిల్లలకు 2025 జనవరి నుంచి రోజుకు 22 డాలర్లకు మించి తీసుకోరాదు. ఏడాదికి 260 రోజులు లెక్క వేసినా 5,720 డాలర్లు. తల్లిదండ్రులు ఉద్యోగానికి వెళ్లడం కోసం పెట్టే ఈ ఖర్చును, ఏడేళ్లలోపు బిడ్డకు 8 వేల డాలర్ల పరిమితికి లోబడి, మామూలుగా తక్కువ ఆదాయం ఉన్నవారి ఆదాయంలోంచి తీసివేయనిస్తారు. 40 వేల జీతం మీద అమ్మాయికి దీనివల్ల పన్నులో సుమారు 1,090 డాలర్లు తగ్గుతాయి. నికర ఆదాయం తగ్గినందువల్ల చైల్డ్ బెనిఫిట్ కూడా 180 డాలర్ల వరకు పెరుగుతుంది. ఈ రెండింటినీ, 3,950 డాలర్ల బెనిఫిట్‌నూ డేకేర్ ఖర్చులోంచి తీసేస్తే చేతి నుంచి పడేది ఏడాదికి సుమారు 500 డాలర్లే. డాలరుకు 62 రూపాయల లెక్కన అది 31 వేల రూపాయలు. బాబును తీసుకువచ్చి దింపి, మళ్లీ తీసుకువెళ్లే విమాన టిక్కెట్లకు కూడా చాలదు.

అయితే ఒక మెలిక ఉంది. అలాంటి డేకేర్‌లో సీటు దొరకడం అంత సులభం కాదు, చాలాచోట్ల వెయిటింగ్ లిస్టు ఉంటుంది. సీటు దొరకక ఇంట్లో పిల్లలను చూసుకునే ఆమెకు, మాటవరసకు, నెలకు 1,200 డాలర్లు ఇస్తే ఏడాదికి 14,400 అవుతుంది; మినహాయింపు 8 వేలకే పరిమితం కాబట్టి, బెనిఫిట్ పోగా దాదాపు 8,670 డాలర్లు సొంతంగా భరించాలి. ఆ స్థితిలో బాబును మీ దగ్గర ఉంచడం వల్ల డబ్బు మిగులుతుంది, కాదనలేం. అప్పుడైనా అది బెనిఫిట్‌ను వదులుకున్నాక మిగిలేదేగాని, బెనిఫిట్ తీసుకుంటూ మిగుల్చుకునేది కాదు. మీరు బాబును చూసుకున్నందుకు అమ్మాయి మీకు పంపే డబ్బును డేకేర్ ఖర్చుగా చూపడానికి కూడా వీలు లేదు, ఆ మినహాయింపు కెనడాలో అందించిన సేవలకే. మూడేళ్ల బిడ్డ తల్లిని వదిలి రెండేళ్లు ఉండటం గురించి నేను చెప్పేది లేదు. అది మీ ఇంటివారు కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. నా సలహా ఒక్కటే: ముందు లైసెన్సు డేకేర్ల జాబితాలో బాబు పేరు నమోదు చేయించండి, ఆ జవాబు వచ్చేదాకా టిక్కెట్లు కొనవద్దు.

ఇక రిటర్న్ సంగతి. ఇక్కడే మనవారు ఎక్కువగా పొరబడతారు, అందుకు కారణం మన అనుభవమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయపు పన్ను కట్టే కుటుంబమైతే బడి పిల్లల తల్లులకు ఇచ్చే ‘తల్లికి వందనం’ పథకం సొమ్ము రాదు. తల్లి ఖాతాలో పడే 13 వేల రూపాయలు పోతాయేమో, రేషన్ కార్డుకు ఎసరు వస్తుందేమో అన్న భయంతో రిటర్న్ అనే మాటకే దూరంగా ఉండే ఇళ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. కెనడాలో ఇది తలకిందులు. అక్కడ రిటర్నే దరఖాస్తు వంటిది. పైసా పన్ను పడకపోయినా, పైసా ఆదాయం లేకపోయినా, భార్యాభర్తలు ఇద్దరూ ప్రతి ఏడాది రిటర్న్ వేస్తేనే వచ్చే జూలై నుంచి ఎంత ఇవ్వాలో లెక్క కడతారు. ఒక్కరు వేయకపోయినా ఉమ్మడి ఆదాయం తేలదు, బెనిఫిట్ ఆగిపోతుంది. 18 వేల ఆదాయానికి మీ అమ్మాయికి పడే పన్ను చాలా స్వల్పం, ఆ మాట వరకు నిజమే. ఎందుకంటే 2025కు కేంద్ర పన్నులో మొదటి 16,129 డాలర్లకు పన్ను లేకుండా క్రెడిట్ ఇస్తారు. కానీ ఆ కారణంగా రిటర్న్ మానేస్తే పోయేది 4,650 డాలర్లు. అక్కడ పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు వరకు, గడువు ఆపై ఏప్రిల్ 30. ఆలస్యంగా వేసినా ఆగిన బెనిఫిట్ బకాయిలు వస్తాయి కాబట్టి ఏ ఏడాదిదైనా వేయకుండా ఉంటే ఇప్పుడైనా వేయించండి.

రిటర్న్‌లో వచ్చే క్రెడిట్లు రెండు రకాలని అమ్మాయికి తెలిస్తే చాలా గందరగోళం తీరుతుంది. మొదటి రకం కట్టవలసిన పన్నును తగ్గిస్తుంది. పన్ను సున్నా అయ్యాక మిగిలినది వృథా. పైన చెప్పిన 16,129 డాలర్ల మినహాయింపు అలాంటిదే, మన దగ్గర 12 లక్షల వరకు ఇచ్చే రిబేటు పనిచేసేదీ అలాగే. రెండో రకం పన్ను లేకపోయినా చేతికి సొమ్ముగా వస్తుంది. మూడు నెలలకొకసారి వచ్చే జీఎస్టీ క్రెడిట్, ఒంటారియో ప్రభుత్వం ఇచ్చే ట్రిలియం బెనిఫిట్ ఈ కోవలోవి. ట్రిలియం కోసం కట్టిన ఇంటి అద్దె వివరాలతో రిటర్న్‌తో పాటు ఒక ప్రత్యేక ఫారం నింపాలి. అది నింపకుండా వదిలేసి తమకు రాలేదనుకునేవారు ఉంటారు. ఒంటారియో చైల్డ్ బెనిఫిట్‌కు మాత్రం వేరే దరఖాస్తు లేదు, కేంద్ర బెనిఫిట్‌తో కలిపే వేస్తారు; 2025 జూలై నుంచి 2026 జూన్ వరకు దాని గరిష్ఠం ఒక్కో బిడ్డకు ఏడాదికి 1,727 డాలర్లు. ఈ ప్రావిన్స్ సొమ్ములన్నీ తక్కువ ఆదాయ కుటుంబాలకు ఉద్దేశించినవి కాబట్టి 90 వేల ఆదాయం దగ్గర మీవారికి దాదాపు ఏమీ మిగలదు. మరో మాట, యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి కార్బన్ రిబేటు కోసం ఎదురుచూడవద్దు. దాని చివరి విడత 2025 ఏప్రిల్‌లోనే ఇచ్చేశారు.

కర్నూలు ఇంటి అద్దె చూపించి తీరాలి. కెనడా నివాసి తన ప్రపంచవ్యాప్త ఆదాయాన్ని అక్కడ చెప్పాలి. అద్దె మీరే వసూలు చేసి మీ మందులకో ఇంటి ఖర్చులకో వాడుకుంటున్నా, ఇల్లు ఆమెది కాబట్టి ఆదాయమూ ఆమెదే. మన ఆర్థిక సంవత్సరం లెక్క అక్కడ పనికిరాదు, జనవరి నుంచి డిసెంబరు వరకు వచ్చిన అద్దె రాయాలి. మన చట్టంలో అద్దెకు గుండుగుత్తగా ఇచ్చే 30 శాతం తగ్గింపు కూడా అక్కడ లేదు. కట్టిన ఇంటి పన్ను, చేయించిన మరమ్మతులు వంటి నిజమైన ఖర్చులనే తీసివేయాలి, రశీదులు ఉంచాలి. ఏడాదికి 1,44,000 రూపాయలంటే సుమారు 2,300 డాలర్లు. దీనివల్ల చైల్డ్ బెనిఫిట్‌లో తగ్గేది దాదాపు 74 డాలర్లు, అమ్మాయికి అదనంగా పడే పన్ను ఖర్చులు తీయకముందు 400 డాలర్ల చుట్టుపక్కల. ఇంత చిన్న మొత్తం కోసం దాచి, తెలిసీ తప్పు చూపినట్లు తేలితే ఎగవేసిన పన్నులో సగం వరకు జరిమానా పడే పరిస్థితి తెచ్చుకోవడం ఏమాత్రం తెలివైన పని కాదు. పైగా బ్యాంకు ఖాతాల సమాచారాన్ని రెండు దేశాలూ పరస్పరం అందించుకుంటున్నాయి.

ఈ ఇంటికే సంబంధించిన మరో నిబంధన చాలామందికి తెలియదు. అద్దెకిచ్చిన ఇల్లు, ఇక్కడి డిపాజిట్లు, షేర్లు అన్నీ కలిపి వాటి కొనుగోలు విలువ లక్ష కెనడా డాలర్లు, అంటే ఇంచుమించు 62 లక్షల రూపాయలు, దాటితే విదేశీ ఆస్తుల వివరాలతో టీ1135 అనే ఫారం ఏటా ఇవ్వాలి. కొత్తగా వెళ్లినవారికి కొనుగోలు విలువ అంటే మీరు ఎప్పుడో కట్టించిన ఖర్చు కాదు, ఆమె కెనడా నివాసి అయిన రోజున ఆ ఇంటి మార్కెట్ ధర. నివాసి అయిన మొదటి సంవత్సరానికి ఈ ఫారం అక్కరలేదు. తరువాత ఇవ్వకపోతే రోజుకు 25 డాలర్ల చొప్పున 2,500 డాలర్ల వరకు జరిమానా. వెంకటరమణ కాలనీలో స్థలం ధరలు ఎలా ఉన్నాయో మీకే బాగా తెలుసు; ఆ తేదీకి ఇంటి విలువ ఎంతో ఇక్కడి రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో రాయించి ఉంచుకుంటే, రేపు ఇల్లు అమ్మినప్పుడు లాభం లెక్క కట్టడానికీ పనికొస్తుంది.

భారతదేశంలోనూ ఆమె చేయవలసినది ఉంది. ఎన్ఆర్ఐకి అద్దె చెల్లించే కిరాయిదారు 30 శాతం, దానిపై సెస్సు కలిపి టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి. ఏడాదికి లక్షన్నర లోపు అద్దె మీద అసలు పన్ను పడదు, ఎందుకంటే కొత్త విధానంలో 2025–26 నుంచి 4 లక్షల దాకా అందరికీ సున్నాయే. కాబట్టి ఇక్కడ రిటర్న్ వేస్తే కోసినది వాపసు వస్తుంది. 12 లక్షల దాకా పన్ను లేదన్న రిబేటు మాత్రం ఇక్కడి నివాసులకే, ఎన్ఆర్ఐలకు వర్తించదు. ఒకవేళ ముందు ముందు ఇక్కడ నిజంగా పన్ను కట్టవలసి వస్తే, ఆ మేరకు కెనడాలో విదేశీ పన్ను క్రెడిట్ అడగవచ్చు; వాపసు వచ్చే టీడీఎస్‌ను చూపి అడగకూడదు.

ఆల్బర్టా గురించి విన్నదాంట్లో సగం నిజం ఉంది. అక్కడ ప్రావిన్స్ పన్నులో 2025కు మొదటి 22,323 డాలర్లకు పన్ను లేదు, ఒంటారియోలో ఆ పరిమితి 12,747 మాత్రమే. కానీ ఒంటారియోలో తొలి శ్లాబు రేటు 5.05 శాతం, ఆల్బర్టాలో 8 శాతం. ఈ ప్రాథమిక మినహాయింపు ఒక్కటే తీసుకుని మీ అల్లుడి 72 వేలకు లెక్క వేస్తే ఒంటారియో పన్ను సుమారు 3,780 డాలర్లు, దానికి ఆ ప్రావిన్స్ ఆరోగ్య ప్రీమియం 600 కలిపితే 4,380. ఆల్బర్టాలో 4,215 వరకు. ఏడాదికి తేడా 165 డాలర్లు. అసలు తేడా కొనుగోళ్ల మీద కనిపిస్తుంది: ఒంటారియోలో కేంద్ర, ప్రావిన్స్ అమ్మకపు పన్నులు కలిసిన హెచ్ఎస్టీ 13 శాతం అయితే ఆల్బర్టాలో కేంద్రం వేసే 5 శాతమే. కేంద్ర చైల్డ్ బెనిఫిట్ ఎక్కడున్నా ఒకటే. ఇంటి అద్దె, ఉద్యోగం చూసి మారితే మారవచ్చుగాని పన్ను కోసమే అయితే పెట్టెలు సర్దనక్కరలేదు. మారదలిస్తే ఒకటి గమనించాలి: డిసెంబరు 31న ఏ ప్రావిన్స్‌లో నివాసం ఉంటే ఏడాది మొత్తానికీ ఆ ప్రావిన్స్ పన్నే వర్తిస్తుంది, పదకొండు నెలలు వేరేచోట ఉన్నా సరే. క్యూబెక్‌కు వెళితే ప్రావిన్స్ రిటర్న్ వేరుగా వేయాలి, మిగిలినచోట్ల ఒకే రిటర్న్ సరిపోతుంది.

ఆదాయం పెరిగేకొద్దీ బెనిఫిట్ తగ్గుతుందని దిగులుపడేవారికి చట్టబద్ధమైన దారి ఒకటుంది. అల్లుడు ఆర్ఆర్ఎస్పీ అనే పదవీ విరమణ ఖాతాలో 5 వేల డాలర్లు వేస్తే ఆయన నికర ఆదాయం అంత తగ్గి పన్నులో సుమారు 1,480 డాలర్లు ఆదా అవుతాయి, చైల్డ్ బెనిఫిట్ 160 డాలర్లు పెరుగుతుంది. రాబడిపై పన్ను పడని పొదుపు ఖాతా అయిన టీఎఫ్ఎస్ఏలో వేస్తే ఈ రెండూ జరగవు.

మిమ్మల్ని ఆధారపడినవారిగా చూపడం కుదరదు. తల్లిదండ్రుల కోసం ఇచ్చే సంరక్షకుల క్రెడిట్‌కు వారు ఆ ఏడాదిలో కొంతకాలమైనా కెనడా నివాసులై ఉండాలి, శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల బిడ్డల మీద ఆధారపడి ఉండాలి. పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండేందుకు తల్లిదండ్రులకు ఇచ్చే సూపర్ వీసా మీద మీరు వెళ్లి ఉండి వచ్చినా సాధారణంగా సందర్శకులే గాని అక్కడి నివాసులు అయిపోరు. ఎవరైనా ఏజెంటు అలా రాస్తానంటే రిటర్న్ ఆయన చేతికి ఇవ్వవద్దని అమ్మాయికి చెప్పండి, ఎందుకంటే ఎవరు నింపినా బాధ్యత ఆమెదే. ఆమె మీకు పంపే డబ్బుకు అక్కడ క్రెడిట్ లేదు. మీకూ ఇక్కడ దానిపై పన్ను లేదు, దగ్గరి బంధువు ఇచ్చిన సొమ్ముకు మన చట్టం పన్ను వేయదు.